పాత నాణెము: స్థితి, వెల

తెలంగాణములోని పెక్కు ఇండ్లలో పూజాపెట్టె అడుగున ఒకటో రెండో పాత వెండి రూపాయలు ఉండును. కొన్నింటిమీద చార్మినారు, కొన్నింటిమీద విక్టోరియా రాణి, కొన్నింటిమీద ఐదవ జార్జి చక్రవర్తి. వరలక్ష్మీ వ్రతమునాడో దీపావళినాడో అవి వెలుపలికి వచ్చి, పసుపు కుంకుమలు అందుకొని, మరల పెట్టెలోనికి పోవును. ఆనాడు ఇంటిలో ఎవరో ఒకరు తప్పక అడుగుదురు: "వీనికి ఇప్పుడెంత వచ్చును?" ఒకరు వెండి తూకము లెక్కగట్టి చెప్పుదురు. వేరొకరు ఎక్కడనో వినిన మాట పట్టుకొని లక్షలలో చెప్పుదురు. తూకపు వెలకును లక్షలకును నడుమనున్న ఆ యెడమే మోసగానికి జీవనోపాధి.

పాత నాణెములను కొనగోరువారును, ఉన్నవానిని అమ్మగోరువారును న్యాయమైన వెలను ఎట్లు తెలిసికొనవలెనో ఈ ప్రసంగములో వివరింపదలచితిమి. ఇది పండితులకు మాత్రమే తెలియు విద్య కాదు. మంచి వెలుతురు, ఒక భూతద్దము, గ్రాములో నూరవవంతు చూపు చిన్న త్రాసు, కొంత ఓపిక ఉన్నచో గృహస్థులు ఎవరైనను నేర్వవచ్చును.

మన నేల నాణెములు విరివిగా దొరకిన నేల. గోదావరి తీరమున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో శాతవాహన వంశమునకు ఆద్యుడైన శ్రీముఖుని నాణెములును, గోబద, నారన, కంవాయస, సమగోపుల నాణెములును లభించినవి. పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహన నాణెములు వేలకొలది బయల్పడినవి. కాకతీయుల కాలపు శాసనములలో గద్యాణము, మాడ, రూక అను పేర్లు తరచుగా కానవచ్చును. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిమ్మట ఆ నగరమునకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిరి. ముహమ్మద్ బిన్ తుగ్లక్ నాణెములలో ఆ టంకశాల పేరు గలవి ఉన్నవి. పిదప బహమనీలు, వారి తరువాత గోలకొండ కుతుబ్‌షాహీలు, తుదకు ఆసఫ్‌జాహీల హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషు రూపాయలకు సమానముగ చెల్లెడివి. 1950 తరువాత కొంతకాలము భారత రూపాయతోపాటు చెల్లి, 1959లో హాలీ సిక్కా పూర్తిగా రద్దయినది. ఇన్ని రాజ్యముల నాణెములు మన నేలలోను, మన ఇండ్లలోను నిలిచి ఉన్నవి గనుకనే ఈ విషయము మనకు అక్కరకు వచ్చునది.

మొదట ఒక అపోహను తొలగింపవలెను. నాణెము ఎంత పాతదైన అంత విలువ గలదని లోకులు తలంతురు. అది నిజము కాదు. శాతవాహనుల సీసపు నాణెమునకు పదునెనిమిది వందల ఏండ్ల వయస్సు ఉండవచ్చును. అయినను సామాన్యమైన రకమై, అక్షరములు అరిగినదైనచో అది ఒక వెండి రూపాయకంటె తక్కువకే దొరకును. 1939 సంవత్సరపు బ్రిటిషు రూపాయకు ఇంకను నూరేండ్లు నిండలేదు. కాని అది నిజమైనదైనచో దానికి వేలకు వేలు ఇచ్చి కొనువారు కలరు. ఆ సంవత్సరపు రూపాయలలో జనుల చేతికి వచ్చినవి మిక్కిలి స్వల్పము. అందుచేతనే ఈ గిరాకి. కావున వెలను నిర్ణయించునది వయస్సు కాదు. నాణెము అసలుదా కాదా, దాని స్థితి యెట్టిది, అట్టివి ఎన్ని మిగిలినవి, వానిని కోరువారెందరు అను నాలుగు ప్రశ్నలకు వచ్చు సమాధానములే వెలకు ఆధారములు.

ముందుగా స్థితిని గూర్చి చెప్పుదము. నాణెము అచ్చునుండి వెలువడిననాడు ఎట్లుండెనో, ఆ రూపములో నేటికి ఎంత మిగిలినదో అదియే స్థితి. దీనిని చూచుటకు నాణెమును అంచులమీద మాత్రమే పట్టుకొనవలెను. దీపము పైనుండి గాక ప్రక్కనుండి పడునట్లు అమర్చి, నాణెమును మెల్లగా త్రిప్పవలెను. అరుగుదల ఎల్లప్పుడును బొమ్మలో ఎత్తుగానున్న చోటులనుండి ప్రారంభమగును. ఐదవ జార్జి రూపాయలో చెంప, గడ్డము, కిరీటపు రత్నములు, రొమ్ముమీది హారములోని చిన్న ఏనుగు మొదట అరుగును. చార్మినారు రూపాయలో మీనారుల శిఖరములును, ద్వారమునందలి అక్షరమును చూడవలెను. ఏనుగు శరీరముమీది గీతలు, ద్వారములోని అక్షరపు అంచులు స్పష్టముగ ఉన్నచో ఆ నాణెము చేతులు మారినది తక్కువ అని తెలియును.

ఆ ఏనుగును గూర్చి ఒక ముచ్చట కలదు. 1911లో మొదట వెలువడిన ఐదవ జార్జి రూపాయలలో దాని తొండము పొట్టిదై పందివలె కానవచ్చెను. జనులలో అలజడి పుట్టగా ప్రభుత్వము ఆ రూపాయలను చాలవరకు వెనుకకు తీసికొని కరగించి, 1912నుండి ఏనుగు రూపమును దిద్దినది. కనుక 1911 రూపాయకు తరువాతివానికంటె ఎక్కువ వెల పలుకును. ఈ వెలకు వయస్సు కారణము కాదు. మిగిలినవి తక్కువ యగుటయే కారణము.

స్థితిని చెప్పుటకు వ్యాపారులు ఆంగ్ల పదములను వాడుదురు. ఈ పదములను తెలియక కొనువాడు నష్టపోవును. అన్నింటికంటె వింతయైనది "గుడ్" అను మాట. మనకది మంచిదని తోచును. నాణెముల అంగడిలో దానికి బాగుగా అరిగినదని అర్థము. బొమ్మ యొక్క ఆకారము మాత్రము మిగిలి, లోపలి వివరములు పోయినదానిని "గుడ్" అందురు. "ఫైన్" అనగా ముఖ్యమైన వివరములు కనబడుచు, ఎత్తైన చోటులన్నియు చదునైనది. "వెరీ ఫైన్" అనగా అరుగుదల కొలదిగా ఉన్నది. "ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్" అనగా భూతద్దముతో చూచినగాని అరుగుదల తెలియనిది. "అన్‌సర్క్యులేటెడ్" అనగా చెలామణిలో అరుగనిది. 1949లో అమెరికాలో విలియం షెల్డన్ అను నాయన ఒకటినుండి డెబ్బదివరకు అంకెలతో ఈ మెట్లను సూచించెను. నేడు కొన్ని సంస్థలు నాణెమును ఆ అంకెతో గాజువంటి పెట్టెలో మూసి ఇచ్చుచున్నవి. ఆ పెట్టెలను సయితము దొంగతనముగా తయారుచేయువారు ఉన్నారు. కనుక అంకెను చూచి ఊరకుండక నాణెమును కూడ చూడవలెను. ఒక్క మెట్టు తేడా వచ్చినచో అరుదైన నాణెమునకు వెల రెట్టింపు కావచ్చును, సగము కావచ్చును. అందుచేతనే అమ్మువాడు ఒక మెట్టు పైకి చెప్పును, కొనువాడు ఒక మెట్టు క్రిందికి చెప్పును.

అరుగుదల వేరు, అచ్చు సరిగా పడకపోవుట వేరు. యంత్రములు రాకముందు నాణెములను చేతితో సమ్మెటపెట్టి ముద్రించెడివారు. కుతుబ్‌షాహీల రాగి నాణెములలోను, చార్మినారు బొమ్మకు పూర్వపు హాలీ రూపాయలలోను అక్షరములు సగము అంచు దాటిపోయి ఉండును. అది దోషమని తలచి త్రోసివేయరాదు. ఆనాటి పద్ధతియే అట్టిది. ఈ తేడాను కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. అరిగిన నాణెములో ఎత్తైన చోటులన్నియు సమానముగా నున్నగా ఉండును. అచ్చు సరిగా పడని నాణెములో ఒక చోటు మాత్రము మసకగా ఉండి, మిగిలిన భాగము పదునుగా ఉండును. వెనుకవైపున సరిగా అదే చోటు కూడ తరచుగా మసకగానే ఉండును. ఆ కాలపు రూపాయలపై చిన్న చిన్న గాట్లు, ముద్రలు కూడ కానవచ్చును. అవి షరాబులు వెండిని పరీక్షించి వేసిన గుర్తులు. అవి కొంత వెలను తగ్గించును గాని నాణెమును పాడుచేయవు. పైగా నాణెము అంగడిలో తిరిగినదనుటకు సాక్ష్యముగ నిలుచును.

ఇక నిజమైన గాయములు. మన ప్రాంతమున లంబాడీ స్త్రీలు నాణెములను సొమ్ములలో కూర్చుకొందురు. ఇతర గృహములలోను రూపాయలకు కొక్కెములు అతికించి హారములు చేయించుకొనిరి. ఆ సొమ్ముల అందము వేరు. కాని రంధ్రము పడిన నాణెమునకు, అతుకు వేసిన నాణెమునకు సేకరించువారి యొద్ద వెల చాల తగ్గును. సామాన్యమైన రకమైనచో అది వెండి వెలకే వచ్చి నిలుచును. అందుచేత కొందరు రంధ్రమును వెండితో పూడ్చి, కొక్కెమును ఆకురాయితో రాచి అమ్ముదురు. అంచు చుట్టును వ్రేలి గోరును నడిపి చూడవలెను. గీతలు ఒకచోట తెగిపోయినను, లోహపు రంగు ఒకచోట మారినను, అక్షరములలో ఒకటి తక్కినవానికంటె మొద్దుగా ఉన్నను అనుమానింపవలెను.

గాయములన్నింటిలోను ఎక్కువగా జరుగునది, ఇంటిలో ప్రేమతో చేయునది తోముట. పండుగకు ముందు చింతపండుతోను, బూడిదతోను, ఈనాడు పండ్లపొడితోను రూపాయలను తళతళలాడునట్లు తోముదురు. పూజకు అది ఆచారమే కావచ్చును. కాని తోమినప్పుడెల్ల నాణెముపైనున్న సన్నని పొర కొంత లేచిపోవును. అచ్చునుండి వచ్చిన మెరుపు వేరు, రాపిడివలన వచ్చిన మెరుపు వేరు. మొదటిది నాణెమును త్రిప్పినపుడు చక్రమువలె తిరుగును. రెండవది అన్నివైపులను ఒకేరీతిగ నిలిచి, భూతద్దములో వెంట్రుకలవంటి గీతలను చూపును. వెండి నలుపెక్కుట దోషము కాదు. రాగిపై ఏర్పడిన గట్టి పచ్చని లేదా గోధుమరంగు పొర కూడ దానిని కాపాడునదే. పొడిగా రాలు లేతపచ్చని కిలుము మాత్రము రోగమువంటిది. అది ఉన్న రాగి నాణెమును కొనరాదు. తోమిన నాణెమును మరల పూర్వస్థితికి తెచ్చు మందు లేదు. కావున పూజకు రెండు రూపాయలు వేరుగ ఉంచుకొని, తక్కినవానిని తోమక కాగితపు పొట్లములలో దాచుట మేలు. మెత్తని చౌక ప్లాస్టిక్ సంచులలో పెట్టినచో కొంతకాలమునకు జిగురువంటి పచ్చని మురికి పట్టును.

స్థితి తెలిసిన పిదప, నాణెము అసలుదా యని పరీక్షింపవలెను. దీనికి తూకము మొదటి సాక్షి. బ్రిటిషు ఇండియా వెండి రూపాయ 180 గ్రెయిన్లు, అనగా ఒక పాత తులము; నేటి లెక్కలో 11.66 గ్రాములు. ఈనాటి బంగారు దుకాణములలో తులమనగా పది గ్రాములనియే వాడుక కలదు గనుక ఈ రెంటిని కలపరాదు. హాలీ రూపాయ దీనికంటె కొంచెము తేలిక. దాని తూకము 11.18 గ్రాములు. నాణెము అరిగినచో తూకము కొంత తగ్గును, ఎన్నడును పెరుగదు. తూకము ఎక్కువగా ఉన్నచో అప్పుడే సందేహింపవలెను.

రెండవ సాక్షి నీరు. త్రాసుపై నీటి గిన్నె నుంచి అంకెను సున్నకు తెచ్చుకొని, రూపాయను సన్నని దారముతో కట్టి, అడుగునకు తగులకుండ నీటిలో ముంచి పట్టుకొనవలెను. అప్పుడు త్రాసు చూపు అంకె, నాణెము తొలగించిన నీటి బరువు. 917 పాళ్ల వెండి గల బ్రిటిషు రూపాయకు అది సుమారు 1.13 గ్రాములు ఉండవలెను. 818 పాళ్ల వెండి గల హాలీ రూపాయకు సుమారు 1.10 గ్రాములు. జర్మన్ సిల్వరుతో చేసిన నకిలీ రూపాయ అదే తూకము గలదైనను 1.35 ప్రాంతమును చూపును. ఈ పరీక్షవలన నాణెమునకు హాని లేదు. గీటురాయిపై గీసి చూచుట, ఆమ్లపు చుక్క వేయుట మాత్రము నాణెమును గాయపరచును. అట్టి పరీక్షకు ఒప్పుకొనరాదు.

అయస్కాంతమును కొందరు నమ్ముదురు. వెండి, రాగి, బంగారము దానికి అంటుకొనవన్న మాట నిజమే. కాని ఆరవ జార్జి పేర 1947లో వచ్చిన పులిబొమ్మ రూపాయ నికెలుతో చేసినది. అసలైనదే అయ్యును అది అయస్కాంతమునకు అంటుకొనును. కనుక ఏ నాణెము ఏ లోహముతో చేయబడినదో ముందు తెలిసికొని పరీక్ష చేయవలెను.

మూడవ సాక్షి కన్ను. పోతపోసిన నకిలీలో అక్షరముల అంచులు సబ్బువలె జారినట్లుండును. మైదానమున సూదిమొన వంటి గుంటలు ఉండును. అంచుమీద రెండు సగములు కలిసిన గీత కనబడవచ్చును. అరుదైన సంవత్సరముల విషయములో ఇంకొక మోసము కలదు. 1938 రూపాయ మీది 8ని 9గా దిద్ది 1939 రూపాయ యని అమ్ముదురు. వెండి అసలుదే, తూకము సరియే. త్రాసును నీరును ఇచట పనికిరావు. భూతద్దములో కడపటి అంకె చుట్టునున్న లోహమును చూచి, దానిని ప్రక్కనున్న 3తో పోల్చి చూడవలెను. ఇంత విలువగల నాణెమును తెలిసినవారికి చూపక కొనరాదు.

సంవత్సరము చదువుటలో జరుగు పొరపాటు మన ప్రాంతమున విశేషముగ కానవచ్చును. హాలీ నాణెములపై హిజ్రీ సంవత్సరము పారసీక అంకెలలో ఉండును. అందులో చుక్క సున్న యగును; గుండ్రని గుర్తు ఐదు అగును. 1330 అని చదివి, ఇది క్రీస్తుశకము 1330 నాటిది, కాకతీయులు పోయిన ఏడేండ్లకు వేసినది, లక్ష రూపాయలు చేయునని చెప్పువాడు, దానిపైనున్న చార్మినారు 1591లో కట్టినదన్న సంగతి మరచును. హిజ్రీ 1330 అనగా 1912వ సంవత్సరము. చార్మినారు బొమ్మ హాలీ సిక్కాపై హిజ్రీ 1321లో, అనగా 1903–04లో మహబూబ్ అలీఖాన్ పాలనమున వచ్చినది. ఆయన నాణెములలో ద్వారమునందు మీమ్ అను అక్షరమును, 1911నుండి ఏలిన ఉస్మాన్ అలీఖాన్ నాణెములలో ఐన్ అను అక్షరమును ఉండును. ఈ రెండక్షరములను గుర్తుపట్టుట నేర్చినవాడు లక్షల కథలకు లొంగడు.

కథలు చెప్పి అమ్ము నాణెములను గూర్చి కొంత హెచ్చరిక అవసరము. భద్రాచల రామదాసును విడిపించుటకై రామలక్ష్మణులు తానీషాకు రామమాడలు చెల్లించిరన్న కథ తెలుగువారికెల్ల పూజ్యమైనది. ఆ భక్తిని ఆసరాగ జేసికొని, పట్టాభిషేకపు బొమ్మగల ఇత్తడి బిళ్లలను రామమాడలని అమ్ముచున్నారు. అట్టి బిళ్లలు దేవాలయములయొద్దను యాత్రాస్థలములయొద్దను పూజకొరకు విరివిగ తయారైనవి. అవి రాజ్యముల నాణెములు కావు. ఒకవైపున సీతారాములును, రెండవవైపున ఈస్టిండియా కంపెనీ పేరును, 1818 అను సంవత్సరమును గల రాగి అణాలును అట్టివే. కంపెనీ మదరాసులో దేవతామూర్తులు గల చిన్న బంగారు వరహాలను వేసిన మాట వాస్తవము; "మూడు స్వాముల వరహా" అందులోనిదే. కాని ఈ రాగి అణాలు కంపెనీ టంకశాలలలో పుట్టినవి కావు.

ఇంతకంటె ఘోరమైనది బియ్యపు గింజలను ఆకర్షించునని చెప్పు రాగి నాణెపు మోసము. రెండు తెలుగు రాష్ట్రములలోను దీనివలన లక్షలు పోగొట్టుకొన్నవారిని గూర్చి పత్రికలలో పలుమారులు వచ్చినది. రాగికి గింజను లాగు శక్తి లేదు. ఇనుపరజను పట్టించిన గింజలును, చాటున దాచిన అయస్కాంతమును కలిసి ఆ వింతను చూపును. పాత నాణెమునకు లక్షలు ఇత్తుమని చెప్పి, ముందుగా పన్ను, కమీషను, రిజిస్ట్రేషను రుసుము పంపుమని అడుగువారు మరియొక తెగ. వీరు రిజర్వు బ్యాంకు పేరును వాడుకొనుచున్నారు. తాము ఇట్టి క్రయవిక్రయములలో లేమనియు, ఎవరికిని అట్టి అధికారమీయలేదనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటించినది. కొనువాడు డబ్బు ఇచ్చును గాని అడుగడు. ఈ చిన్న సూత్రమును గుర్తుంచుకొన్న ఇల్లు మోసపోదు.

ఇప్పుడు వెల సంగతి. మొదటి మెట్టు లోహపు వెల. బ్రిటిషు రూపాయలో 10.69 గ్రాముల శుద్ధమైన వెండి కలదు. హాలీ రూపాయలో 9.14 గ్రాములు. లెక్క సౌలభ్యమునకై గ్రాము వెండి నూరు రూపాయలనుకొందము. అప్పుడు మొదటిది 1,069 రూపాయలు, రెండవది 914 రూపాయలు చేయును. ఆనాటి వెండి ధరను వేసి ఎవరైనను ఇట్లు గుణింపవచ్చును. 1940నుండి 1945వరకు వచ్చిన బ్రిటిషు రూపాయలలో వెండి సగమే. యుద్ధకాలపు కడపటి హాలీ రూపాయలలోను అట్లే తగ్గించిరి. ఈ సంగతి తెలియక సగము వెండి గల రూపాయకు నిండు వెండి వెల ఇచ్చువారు పెక్కుమంది. లోహపు వెల అడుగుమట్టము. తరుగు పేరు చెప్పి అంతకంటె చాల తక్కువకు అడుగువానికి అమ్మరాదు.

రెండవ మెట్టు, అదే రకము, అదే సంవత్సరము, అదే స్థితి గల నాణెము ఇటీవల ఎంతకు పోయినదో చూచుట. ఇచట చెప్పిన వెల వేరు, తెగిన వెల వేరు. అంతర్జాలములో ఒకడు తన రూపాయకు లక్ష అని వ్రాసి పెట్టినంతమాత్రమున అది దాని వెల కాదు. ఆ లక్ష ఇచ్చి కొనినవాడు ఒకడుండవలెను. వేలముపాటల ఫలితములు అచ్చులో దొరకును. వానిలో తెగిన వెలలు ఉండును. వానికి పైన కొనువాడు వేలమువారికిచ్చు రుసుమును కలుపుకొనవలెను. ఒక్క వేలమును చూచి నిర్ణయింపరాదు. ఇద్దరు పట్టుదలగలవారు పోటీపడిననాడు వెల ఆకాశమునకు లేచును. మూడునాలుగు ఫలితములను చూచి నడిమిదానిని పట్టుకొనుట మంచిది.

మూడవ మెట్టు వర్తకుని లాభము. వర్తకుడు తాను అమ్ము వెలకే కొనలేడు. దుకాణపు అద్దె, నిలువ పెట్టుబడి అతనికి గలవు. సామాన్యమైన నాణెమునకు ఆ తేడా ఎక్కువగను, వెంటనే అమ్ముడుపోవు నాణెమునకు తక్కువగను ఉండును. దీనిని మోసమనరాదు. కాని అమ్మువాడు నాణెము పేరు, సంవత్సరము, స్థితి వ్రాసి రసీదు ఇచ్చునా, నకిలీయని తేలినచో వెనుకకు తీసికొనునా అని ముందే అడుగవలెను. ఈ రెంటికి ఒప్పుకొననివానియొద్ద చౌకగా వచ్చినను కొనరాదు. "ఇప్పుడే కొననిచో రేపు ఉండదు" అను మాట వినబడినప్పుడు ఇంటికి పోయి ఒక రాత్రి నిద్రించుట ఉత్తమము. క్రొత్తగా ఆరంభించువారు సామాన్యమైన రకములలో మంచి స్థితి గలవానిని కొన్నింటిని కొని, వానితో కన్నును అలవాటు చేసికొనవలెను. పది అరిగిన నాణెములకంటె ఒక్క మంచి నాణెము ఎక్కువ నేర్పును.

చట్టమును కూడ తెలిసికొనవలెను. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు. దానిని వ్యాపారముగ అమ్మువానికి లైసెన్సు ఉండవలెను; దేశము దాటించుట ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధము. 1912 నాటి హాలీ రూపాయకు నూరేండ్లు ఎన్నడో నిండినవి. కనుక అమెరికాలోని కుమారునికి జ్ఞాపకముగ నానమ్మ రూపాయను పంపుదమనుకొను తల్లిదండ్రులు ఈ సంగతిని గమనింపవలెను. భూమిలో దొరకిన నిధిని కలెక్టరునకు తెలుపవలెనని 1878లోనే చట్టము ఏర్పడినది. పొలములో దొరకిన లంకెబిందెలోనివని చెప్పి ఎవరైనను రహస్యముగ నాణెములు చూపినచో, అవి నకిలీవైనను కావచ్చును, నేరముతో కూడినవైనను కావచ్చును. రెండు విధములను కొనువానికి నష్టమే.

ఈ చట్టములకు వెనుక ఒక న్యాయము కలదు. కోటిలింగాల నాణెములు వెల కట్టి చూచినచో కొలదిపాటివి. వానిలో పెక్కింటిలో బంగారము లేదు, వెండి లేదు. అవి ఏ మట్టిలో దొరకినవో తెలిసినందువలననే శాతవాహనుల తొలినాళ్ల చరిత్రలో తెలంగాణమునకు చోటు దక్కినది. అవే నాణెములు ఎవని మూసలోనో కరగిపోయియున్నచో గోబద, నారనల పేర్లు మనకు తెలిసియుండెడివి కావు. బిందెడు నాణెములు కలిసి దొరకినపుడు, ఏవి ఏవానితో కలిసి యుండెనను సంగతి ఒక్కొక్క నాణెముకంటె విలువైనది. విడదీసి అమ్మిన మరునాడు ఆ సంగతి నశించును. ఏ వేలములోను దానిని తిరిగి కొనలేము.

కనుక ఇంటిలో పాత నాణెములు ఉన్నవారు ముందుగా ఒక పుస్తకములో వానిని వరుసగా వ్రాసికొనవలెను: ఏ ప్రభువుది, ఏ సంవత్సరము, తూకమెంత, ఇంటిలోనికి ఎట్లు వచ్చినది. ఆ వ్రాత ఉన్న నాణెమును రేపు బిడ్డలు తూకమునకు అమ్మివేయరు, కథలు చెప్పువాడు కాజేయలేడు. నాణెములను చూచి నేర్వగోరువారు హైదరాబాదునకు పోయినపుడు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియమును, 2022లో తెరచిన సైఫాబాదు టంకశాల మ్యూజియమును దర్శింపవలెను. అచట అసలైన నాణెములను నిదానముగ చూచిన కంటికి అంగడిలోని నకిలీ తనంతట తానే తెలియును.